రాయిని వదలని బుట్ట

మా ఊరు తిష్‌కోకోబ్‌లో నెల్సి త్సాబ్ అల్లిన ఉయ్యాలకి వంక పెట్టినవాళ్ళు లేరు. పెట్టే ధైర్యమూ ఎవరికీ లేదు, ఆవిడ నోరు అలాంటిది. ఉయ్యాల కావాలని ఎవరైనా వస్తే గుమ్మంలోనే నిలబెట్టి, "పడుకోడానికా, గోడకి తగిలించి చూసుకోడానికా? చూసుకోడానికైతే బస్టాండు దగ్గర రంగురంగులవి అమ్ముతారు, పొండి" అనేది. నూలు రెండు పోగులు కలిపి, వలలో కన్ను చిన్నగా వచ్చేలా, చిటికెన వేలు కూడా తేలిగ్గా దూరనంత దగ్గరగా అల్లేది. మా ఊళ్ళో పుట్టేదీ ఉయ్యాలలోనే, పోయేదీ ఉయ్యాలలోనే. మంచాలు కొన్నవాళ్ళున్నారు గానీ వాటి మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటారు.

అలాంటి నోరున్న మనిషి ఏడాదిపాటు నోరు విప్పలేదు. ఆ ఏడాదిలో ఒకరోజు ఎవడో పనికిమాలినవాడు వచ్చి, ఆవిడ ఉయ్యాలని అటూ ఇటూ సాగదీసి, "అల్లిక కొంచెం వదులుగా ఉందే" అన్నాడు. అల్లిక ఎక్కడా వదులు లేదు. పక్కింటి మీర్నా ఇక చూడు, వీడి పని అయిపోయిందని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నెల్సి "అలాగా" అంది. అంతే. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. నెల్సి 'అలాగా' అందట అని మొక్కజొన్న మర దగ్గర కూడా చెప్పుకున్నారు.

ఆవిడ భర్త పేరు ఇలారియో కాంచే. మూడు చక్రాల సైకిలు బండి తొక్కేవాడు. సంతకి వచ్చిన ఆడవాళ్ళనీ వాళ్ళ సంచుల్నీ కోళ్ళనీ ఇళ్ళకి చేరవేసేవాడు. ఎండంతా నెత్తిన మోసి, దాహమేస్తే కోలా తాగేవాడు. మాది సున్నపురాయి నేల. కుండలో నీళ్ళు కాస్తే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అదే నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు మావి. నడుం పట్టుకుని గోడకి ఒరిగిపోయేవాడు లేని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. ఇలారియోకి పడుచుతనంలోనే రాయి పడి ఎడమ మూత్రపిండం ఎండిపోయింది. మొక్కజొన్న పీచు కషాయం తాగితే పోతుందని తాగుతూ కూర్చున్నాడు, పీచూ అయిపోయింది, పిండమూ పోయింది. మిగిలింది కుడిది. ఇప్పుడు దానికీ రాయి వచ్చింది. ఆ రాయి జారి మూత్రనాళంలో ఇరుక్కుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు పేరు ఎస్కోబేదో. ఉత్తరాది వాడు. బయటినుంచి వచ్చినవాళ్ళని మేము ఉవాచ్ అంటాం, అందులో తిట్టు ఎంతో ముద్దు అంతే. వయసులో చిన్నవాడైనా ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. కిందనుంచి సన్నటి దుర్బీను పంపిస్తారట. దాని వెంట తీగలతో చేసిన చిన్న బుట్ట వెళ్తుందట. లోపల బుట్ట విచ్చుకుని, రాయిని పట్టుకుని, మూసుకుంటుంది. అప్పుడు మెల్లిగా బయటికి లాగుతారు.

"కోత ఉండదా డాక్టరుగారూ?" అన్నాడు ఇలారియో.

"ఉండదు."

"అయితే ఆ మాట మా ఆవిడకి కాగితం మీద రాసివ్వండి. మచ్చ లేకపోతే ఆపరేషన్ అయిందంటే నమ్మదు. పెళ్ళయిన కొత్తల్లో అపెండిక్స్ తీయించుకుంటే ఆ మచ్చ చూపించేదాకా ఎక్కడ తిరిగొచ్చావని తన్నింది."

"నోర్ముయ్ ముసలోడా" అంది నెల్సి. అప్పటికి ఆవిడ ఆవిడలాగే ఉంది.

ఆపరేషన్ గదిలోంచి డాక్టరు బయటికొచ్చి నెల్సి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టర్లు నిలబడే మాట్లాడతారు. ఈయన కూర్చున్నాడు.

"బుట్ట రాయిని పట్టుకుంది" అన్నాడాయన. "కానీ కిందికి రావట్లేదు. పోనీ వదిలేద్దామంటే వదలడమూ లేదు. దారి కంటే రాయి పెద్దది."

"మరి లాగండి."

"లాగితే రాయితోపాటు ఆ నాళమే ఊడొచ్చేస్తుంది, అమ్మా. అందుకే లాగలేదు. బుట్ట పిడి కోసేసి, దాని తీగని బయటికి ఉంచి తొడకి ప్లాస్టర్ వేశాను. రాయిని లోపలే పొడి చేసే లేజరు మిషను మా దగ్గర పాడైంది. రేపు పొద్దున వేరే ఆసుపత్రి నుంచి వస్తుంది. అందాకా మూత్రం దిగడానికి పక్కనుంచి సన్న గొట్టం వేశాను. మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ తీగ జోలికి ఎవరూ పోకూడదు. ఆయన కదలకుండా ఉండాలి."

"కదిలితే?"

"ఆయనకి ఉన్నది ఆ ఒక్కటే కదమ్మా" అన్నాడు డాక్టరు. నెల్సికి అర్థమైంది, బాగా అర్థమైంది. అర్థం కాక జరిగింది కాదు ఆ తర్వాత జరిగింది.

వార్డులో పంకా తిరుగుతోందంటే తిరుగుతోంది. మంచం మీద రబ్బరు దుప్పటి, దాని మీద పలచటి గుడ్డ. వెన్నులో ఇచ్చిన మత్తుకి ఇలారియోకి నడుం కింద ఒళ్ళు లేదు. నడుం పైన మాత్రం ఉన్న ఒళ్ళంతా చెమటలు కక్కుతూ ఇటు మెలితిరిగి అటు మెలితిరిగి, మోచేతుల మీద లేవబోయి, పడి, మళ్ళీ లేవబోయి. పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో ఎన్నడూ మంచం మీద పడుకోలేదు పాపం, పెళ్ళిరోజు కూడా.

"ఈ కాళ్ళు ఎవరివే? నావి ఎవరికిచ్చి వీటిని తెచ్చావు?" అన్నాడు.

"కదలకు."

"కదలకుండా ఎలా ఉండను? వీపు కింద రబ్బరు, నెత్తి మీద ఆవిరి. మీద అరటాకు కప్పితే ఆదివారానికి కోచినీతా పందికూర అయిపోతాను. ఉల్లిపాయ నంజుకుని తినేయండి."

"కదలకు అన్నానా! ఆ తీగ చూశావా? డాక్టరు ఏమన్నాడో తెలుసా?"

"అన్నాడులే. నెల్సీ, ఉయ్యాల కట్టవే. కాసేపు. నీ చేతులు పట్టుకుంటా."

ఆవిడ రాత్రికి తను పడుకోడానికి సొంత ఉయ్యాల తెచ్చుకుంది. మా ఆసుపత్రుల్లో గోడలకి కొక్కేలుంటాయి, లేకపోతే రోగి తోడు వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకుంటారు? నెల్సి ఆ కొక్కేల వంక చూసింది. భర్త వంక చూసింది. మంచం మీద ఆయన దొర్లుతున్నాడు. డాక్టరు కదలకూడదన్నాడు. ఉయ్యాలలో పడ్డ మనిషి ఎటు దొర్లగలడు? వల నాలుగు వైపులా పట్టుకుని ఉంటుంది, పసిపిల్లాడైనా అందులో కుదురుగా ఉంటాడు. ఇందులో తప్పేముందో చెప్పండి. నేనైనా అదే చేసేవాణ్ణి. ఈ ఊళ్ళో ఎవరైనా అదే చేసేవాళ్ళు.

అయినా ఆవిడ తనంతట తాను చేయలేదు, నర్సుని పిలిచి అడిగింది. నర్సు కాందెలారియా పక్కన మోతుల్ ఊరి పిల్ల, ఉయ్యాలలో పెరిగిందే, పెద్దావిడలని దోన్యా అని పిలిచే మర్యాద నేర్చిందే.

"డాక్టరు మంచం మీదే ఉంచమన్నాడా, దోన్యా నెల్సి?"

"మంచం మాట ఎత్తలేదు. కదలకుండా ఉంచమన్నాడు."

"ఇలా గింజుకుంటుంటే ఎక్కడ ఉంటాడు కదలకుండా! ఉయ్యాలే నయం. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు మంచం మీద రెండు గంటలున్నాడో లేదో, నానా యాగీ చేశాడు. ఉయ్యాలలో వేశాం, గురక పెట్టాడు. మీరు తల వైపు పట్టుకోండి."

ఇద్దరూ కలిసి దుప్పటితో సహా ఎత్తి ఉయ్యాలలోకి దింపారు. తీగ ప్లాస్టర్ కింద భద్రంగా ఉందో లేదో నెల్సి చేత్తో తడిమి చూసింది కూడా. దింపాక దుప్పటి ఉక్కగా ఉందని తీసేయమన్నాడు. తీసేసింది. నిమిషంలో నిద్రపోయాడు. అంత నెమ్మదిగా ఆయన నిద్రపోవడం ఆవిడ వారం రోజులుగా చూడలేదు. పక్కన కుర్చీలో కూర్చుని పుల్లనారింజ ఒలుచుకుని తింది. చాలా సంతోషంగా ఉండిందట అప్పుడు.

చెమటకి ప్లాస్టర్ ఊడుతుందని ఎవరికి తట్టింది?

ఎండ కాస్త తగ్గుతుండగా కాందెలారియా పరుగెత్తుకొచ్చింది. "ఉయ్! దోన్యా నెల్సి, ఉవాచ్ వస్తున్నాడు! మెట్ల దగ్గరున్నాడు. ఇలా చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది. పట్టండి, పట్టండి!"

నెల్సి భుజాలు పట్టుకుంది. కాందెలారియా మోకాళ్ళ కింద చేతులు పెట్టింది. ఎత్తు అంటే ఎత్తు అనుకుని ఒక్క ఊపున లేపారు. ఉయ్యాల కూడా వాళ్ళతోపాటు కొంచెం లేచింది. ఏదో పట్టి ఆపినట్టయింది. ఇద్దరూ ఇంకాస్త బలంగా లాగారు. ఆపింది వదిలేసింది. ఇలారియోని మంచం మీద పడేశారు.

"వచ్చేశాడా?" అన్నాడు ఇలారియో కళ్ళు నులుముకుంటూ. ఆయనకి నొప్పి తెలియలేదు. ఏమీ తెలియలేదు.

నెల్సి వెనక్కి తిరిగి చూసింది. తీగ ఉయ్యాల కన్నులో చిక్కుకుని వేలాడుతోంది. దాని చివర బుట్ట. బుట్టలో రాయి. రాయి చుట్టూ ఎర్రగా, మెత్తగా, పీలికలా ఏదో ఉంది. రాయి ఎంతో లేదు, చిక్కుడుగింజంత. ఇంతేనా అనిపించింది ఆవిడకి. ఆ తర్వాత ఇంకేమీ అనిపించలేదు. పక్కగుడ్డ మీద నెత్తురు పాకుతుంటే చూస్తూ నిలబడింది.

కాందెలారియా తీగని వలలోంచి విడదీసి మంచం మీద పడేసింది. ఉయ్యాలని కొక్కేల్లోంచి లాగి మంచం కిందికి తోసింది. ఇలారియో తల తిప్పి అదంతా చూశాడు. తర్వాత నెల్సి ముఖం చూశాడు. అప్పుడు డాక్టరు లోపలికొచ్చాడు. ఆయన అరవలేదు. పక్కగుడ్డ మీద పడి ఉన్నదాన్ని చూసి, గోడకి చెయ్యి ఆనించి ఒక క్షణం నిలబడి, స్ట్రెచర్ తెమ్మన్నాడు.

మర్నాడు డాక్టరు ఇలారియో పక్కన నిలబడి, ఎలా జరిగిందని అడిగాడు. కాందెలారియా సెలైను సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగింది. నెల్సి పక్కగుడ్డ అంచు సర్దింది.

"నేనే డాక్టరుగారూ" అన్నాడు ఇలారియో. "నిద్రలో దురద పెట్టినట్టయింది. పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పాడు చెయ్యి. సైకిలు గొలుసు ఊడినా ఇలాగే గుంజుతాను."

డాక్టరు చాలాసేపు ఆయన్నే చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. "తప్పు నాది కూడా ఉంది" అన్నాడు చివరికి. "రాయి కొలత తెలిసి కూడా బుట్ట వేశాను. లేజరు వచ్చేదాకా ఆగి ఉండాల్సింది." వరండాలో కాందెలారియా గోడకేసి తల కొట్టుకుని ఏడ్చింది, నెల్సి చేతులు పట్టుకుని క్షమించమంది, ఆ వారంలోనే పిల్లల వార్డుకి మార్పించుకుంది. అలా తప్పుని తలా ఒక ముక్క పంచుకున్నారు. ఉయ్యాల కట్టిన మనిషికి మాత్రం ఆ పంపకంలో ఏమీ రాలేదు. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడా చెయ్యి చాచలేదు.

వీపులోంచి గొట్టం పెట్టి మూత్రపిండాన్ని నిలబెట్టాలని చూశారు. పేగు ముక్కతో కొత్త నాళం కుట్టొచ్చు, పెద్ద ఊరు పంపిస్తామన్నారు. ఈలోగా చీము పట్టింది. జ్వరం దిగలేదు. మనిషిని దక్కించుకోవాలంటే పిండం తీసేయాలన్నారు, తీసేశారు.

ఇక సంచుల బతుకు. రక్తంలోని చెడు కడగడానికి పొట్టకి గొట్టం, ఆ గొట్టంలోంచి సంచెడు నీళ్ళు లోపలికి ఎక్కించడం, కొన్ని గంటలయ్యాక బయటికి దింపడం, మళ్ళీ ఎక్కించడం. వెనక గదికి తెల్ల సున్నం వేసి, కోళ్ళని తరిమేసి, తలుపుకి గుడ్డ కట్టారు. ఆసుపత్రిలో నేర్పించారు నెల్సికి. మోచేతుల దాకా కడుక్కో, ముక్కుకి గుడ్డ కట్టుకో, గొట్టం మూతి దేనికీ తగలనివ్వకు, పని అయ్యాక మూత గట్టిగా బిగించు. ఒక్కసారి చెయ్యి వణికి మూతి ఎక్కడైనా తగిలిందా, పొట్టంతా చీము. ఆవిడ చెయ్యి వణకలేదు. ఎందుకు వణుకుతుంది? లోపల ఏదైనా కదిలితే కదా చెయ్యి వణికేది.

ఆ ఏడాదంతా అలాగే. లేవడం, సంచి మార్చడం, అల్లడం, సంచి మార్చడం, పడుకోవడం. సోమవారం ఊరంతా పంది మాంసం చిక్కుడుగింజల వాసన వేస్తుంది, ఆయనకి పనికిరాదని ఆవిడా మానేసింది. తినాలనీ అనిపించలేదు. మీర్నా అప్పుడప్పుడూ వచ్చి కూర్చుని పోరేది. "ఒక్కసారి ఏడవవే తల్లీ. ఏడిస్తే తేలికవుతావు."

"ఎక్కణ్ణుంచి తేను?" అనేది నెల్సి. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగినట్టు ఉండేది.

ఇలారియో మాత్రం వాగుతూనే ఉండేవాడు. ఇప్పుడు తనకి దాహం లెక్కపెట్టి ఇస్తున్నారనీ, పొట్టలో చేపలు పెంచుకోవచ్చనీ. ఆ ఆసుపత్రి మధ్యాహ్నం మాట ఒక్కటి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. ఒకే గదిలో రెండు ఉయ్యాలలు పక్కపక్కన, మధ్యలో ఆ మాట.

ఒకరోజు సంచి మారుస్తూ మారుస్తూ, "నాది ఇస్తాను" అంది.

"ఏది?"

"మూత్రపిండం. నాకు రెండున్నాయి కదా."

ఆయన ఎప్పట్లా ఏదో జోకు వేయబోయి ఆగిపోయాడు. "నీ ఇష్టం" అన్నాడు.

అందులో ధైర్యమూ లేదు, త్యాగమూ లేదు, ఆ మాట ఆవిడే మీర్నాతో చెప్పింది. పోగొట్టినదాన్ని తెచ్చి ఇచ్చేయాలి, అంతే. పరీక్షలకి మెరిడా నగరం వెళ్ళింది. రక్తం తీశారు, గుండె చూశారు, అవీ ఇవీ అడిగారు. పొద్దున్నే మీర్నాని సంచుల దగ్గర కూర్చోబెట్టి, వానుకి వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేది. రక్తాలు బ్రహ్మాండంగా కలిశాయని చెప్పారు. మొగుడూ పెళ్ళాలకి ఇలా కలవడం చాలా అరుదన్నారు. ఆరోజు ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తింది. ఆ సంగతి నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ ఏడాదిలో ఆవిడ కావాలని పెట్టుకుని తిన్నది ఆ ఒక్కరోజే.

ఆఖరిది పొట్టకి స్కానింగ్. చేసిన డాక్టరమ్మ చిన్నపిల్ల, ఈ ప్రాంతపుదే, పేరు చివర పెచ్ అని ఉంది. తెర మీద చూస్తూ చూస్తూ మాట్లాడ్డం మానేసింది.

"ఎప్పుడైనా నడుం నొప్పి వచ్చిందా, దోన్యా?"

"అందరికీ వస్తుందిగా."

"మీకు రెండు వైపులా రాళ్ళున్నాయి. కుడివైపుది పెద్దదే." తెర ఇటు తిప్పి చూపించింది. తెల్లటి మచ్చలు. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఒకే నీళ్ళు తాగారు కదా. మీది తీసి ఆయనకి పెట్టడానికి కుదరదు. ముందు మీ సంగతి చూసుకోవాలి."

నెల్సి పొట్ట మీది జిగురు తుడుచుకుని, లంగా సర్దుకుని, "అలాగా" అంది. వానులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా ఏమి చూసిందో ఆవిడకి గుర్తు లేదు.

ఇల్లు చేరేసరికి సంచి మార్చే వేళయింది. మీర్నాని పంపించేసి, మోచేతుల దాకా కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుంది. ఇలారియో ఉయ్యాలలో పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. పాత నీళ్ళు దిగుతున్నాయి.

"ఏమన్నారు?"

"కుదరదట. నాకూ రాళ్ళున్నాయి, రెండు వైపులా. కుడివైపుది తీసేయాలంటున్నారు."

"ఎలా తీస్తారట?"

"కిందనుంచే. దుర్బీను పంపించి."

నీళ్ళు సంచిలోకి దిగుతున్న చప్పుడొక్కటే ఉంది.

"నీ పక్కన నేనుంటాను" అన్నాడు. "గొట్టంతో సహా వచ్చి కూర్చుంటా. నువ్వు ఎంత ఏడ్చి గీపెట్టినా సరే, డాక్టరు వచ్చేదాకా నిన్ను మంచం మీదనుంచి లేవనివ్వను."

అనేశాక ఏమన్నాడో ఆయనకే తెలిసింది. నెల్సి చేతిలో గొట్టం ఉంది, మూత ఇంకా పెట్టలేదు. ఏడాదిగా మధ్యలో ఉన్న మాట ఇప్పుడు గదిలో నిలబడింది.

"ఆరోజు డాక్టరుకి అబద్ధం ఎందుకు చెప్పావు?" అంది.

"నిజం చెప్పమంటావా?"

"చెప్పు."

"నా మీద ప్రేమతోనో, నీ మీద జాలితోనో అనుకుంటున్నావేమో. అదేం కాదు. అప్పుడే లెక్క వేసుకున్నాను, నా పిండం పోయింది, ఇక నేను ఎవరో ఒకరి చేతుల్లో బతకాలి అని. నీదే తప్పని పదిమందిలో అనేస్తే నువ్వు కుప్పకూలిపోతావు. నీ చేతులు పనికిరాకుండా పోతాయి. నాకు నీ చేతులు కావాలి, నెల్సీ. ఇంకెవరున్నారు నాకు?"

ఆవిడకి ఎక్కడో కాలి మడమల దగ్గర మొదలై ఒళ్ళంతా మండుకొచ్చింది.

"నా చేతుల కోసమా! ఓరి ముసలి దొంగా! ఏడాదిగా రోజూ చస్తున్నానురా నేను! తిండి లేదు, నిద్ర లేదు, నాకు ఏడుపు కూడా లేకుండా చేశావు కదరా! నీ సంచుల కోసం నన్ను ఇలా రాయిని చేసి కూర్చోబెట్టావా? ఒక్క మాట, ఒక్క మాట తిట్టి ఉంటే పోయేదేంట్రా నీకు! నీ నోట్లో మట్టి పడ!"

గోడ అవతల మీర్నా చేతిలో గిన్నె కింద పడిన చప్పుడైంది. వీధిలో ఎవరో సైకిలు ఆపారు. నెల్సి త్సాబ్ గొంతు విని ఊరికి ఏడాదైంది.

ఆవిడ మొహం నిండా నీళ్ళు కారి ముక్కుగుడ్డ తడిసిపోయింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి. గొట్టం చివర వణుకుతోంది, గాలిలో, దేనికీ తగలకుండా, కొద్దిలో.

"తిట్టు" అన్నాడు ఇలారియో. ఆయన కళ్ళు ఆ గొట్టం మీదే ఉన్నాయి. భయపడ్డాడు. "ఎంతైనా తిట్టు. ముందు ఆ మూత బిగించవే, నీ పుణ్యముంటుంది."

ఆవిడ మోచేతులు రెండూ పక్కలకి నొక్కిపెట్టుకుని, తిడుతూనే, ఏడుస్తూనే, మూత పెట్టి గట్టిగా బిగించింది.